అతుకు దాటేదాకా

అవ్వారు కోటిలింగం గారు తన శిష్యుడు గంజి నాగభూషణంతో "తెగిన చోటే అతుకు" అన్నారనీ, ఆ మాట విన్న మర్నాడే నాగభూషణం ఉపవాసం పట్టి, శ్రావణ పౌర్ణమికీ కార్తీక పౌర్ణమికీ నడుమ ఇరవై కిలోలు తగ్గాడనీ చీరాల చుట్టుపక్కల సాలెపేటల్లో నేటికీ చెప్పుకుంటారు. కథ పొట్టిది, వినసొంపైనది. జబ్బుపడి లేచినవాడికి ధైర్యం చెప్పబోయే ప్రతివాడి నోటికీ అందుబాటులో ఉండేది. వ్యాయామశాలల ప్రారంభోత్సవాల్లో దీన్ని నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ నమ్మలేదు.

నమ్మకపోవడానికి మొదటి కారణం మగ్గమే. నేతగాడెవడూ తెగిన పోగును తెగిన చోటే అతకడు. బిగువుగా ఉన్న పోగు తెగినప్పుడు రెండు కొసలూ చెరోవైపు జరిగిపోతాయి. వాటిని లాగి నేరుగా ముడివేస్తే ఆ ఒక్క పోగు తక్కినవాటికంటె పొట్టిదై, బిర్రబిగిసి, మళ్లీ తెగుతుంది. అందుకే నడుమ బెత్తెడు వేరే దారం వేసి అటొక ముడి, ఇటొక ముడి వేస్తారు. పేటలో పదేళ్ల పిల్లకు తెలిసిన సంగతి ఇది. అరవై ఏళ్లు గుంటమగ్గంలో కూర్చున్న మనిషి "తెగిన చోటే అతుకు" అని ఉంటాడనడం, వంటవాడు ఎసరు లేకుండా బియ్యం పొయ్యిమీద పెట్టమన్నాడనడం వంటిది. మగ్గం ఎరగనివారెవరో ఆ మాటను ఆయన నోట పెట్టారు. ఇక రెండవ కారణం ఆ అంకె. తూచినవాడు పద్దెనిమిదంటాడు, పందొమ్మిదిన్నర అంటాడు; ఇరవై అనేది తూచనివాడు చెప్పే అంకె.

జరిగినదాన్ని కళ్లారా చూసినవారిలో నేను వెళ్లేనాటికి ఇద్దరే మిగిలారు: నాగభూషణం భార్య సామ్రాజ్యమ్మ, ఆమె తమ్ముడు పానకాలు. వారిద్దరికీ చాలా విషయాల్లో పడదు. అందువల్లనే వారిద్దరూ ఒప్పుకున్నదానికి విలువ ఎక్కువ. విడివిడిగా విని, పోల్చి చూసి, ఇద్దరి మాటా కలిసినంతవరకు కథగా రాస్తున్నాను; కలవని చోట ఎవరి మాటో చెబుతున్నాను.

కోటిలింగం గారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగాక ఆయన అరుగు మీద పదిమంది చేరేవారు. ఎవరైనా ఒక సందేహం అడిగితే ఆయన కాసేపు విని, "ఆ కండెలు చుట్టు నాయనా" అనో, "ఈ నూలు చిలప కాస్త పట్టుకో" అనో పని పురమాయించేవారు. పని ముగిసేసరికి కొందరికి జవాబు దొరికేది. కొందరికి భుజాల నొప్పి దొరికేది. ఆయన రెంటినీ ఒకేలా చూసేవారు.

నాగభూషణానికి అప్పటికి యాభై ఏళ్లు. ఏడాదిన్నర కిందట అతని బరువు నూటొక్క కిలో. అతని తండ్రి కూడా అంతటి భారీ మనిషే. యాభై ఒకటో ఏట, మాఘమాసంలో, మగ్గం కింద కాళ్లు దించుకునే గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. అడ్డపోగు విసిరే నాడె చేతిలో అలాగే ఉందట. నాగభూషణం కూర్చునే గుంట అదే, మగ్గం అదే. చీరాలలో ఒక డాక్టరు నాగభూషణం ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "మీ నాన్నగారు ఎలా పోయారు?" అని అడిగిన రోజునుంచి అతను మారిపోయాడు. ఒంటిపూట భోజనం, ఏకాదశికి కటిక ఉపవాసం, తెల్లవారుతూనే రైలుకట్ట వెంట నాలుగు మైళ్ల నడక. పన్నెండు నెలల్లో ఎనభై ఆరుకు దిగాడు. ప్రతి ఆదివారం స్టేషనుకు వెళ్లి, ప్లాట్‌ఫారం మీది తూకం మిషను ఎక్కి, అది కక్కిన అట్టముక్కను జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఆ రోజుల్లో అతని నడక చూసి సామ్రాజ్యమ్మ, "పెళ్లికొడుకు వస్తున్నాడు, పందిరెయ్యండి" అనేదట.

ఫాల్గుణంలో గుంటలోనుంచి లేవబోతూ జారాడు. కుడి చీలమండ విరిగింది. రెండు నెలలు సిమెంటు కట్టు. కట్టు విప్పిన వారానికే టైఫాయిడ్ పట్టుకుని ఇరవై ఆరు రోజులు మంచం దిగనివ్వలేదు. జ్వరంలో మనిషి పుల్లయ్యాడు. జ్వరం తగ్గాక, కదలికలేని ఒంటికి ఆకలి వచ్చి, శ్రావణం నాటికి తొంభై నాలుగయ్యాడు. "పోయిందేమో కండ, వచ్చిందేమో కొవ్వు" అన్నాడు డాక్టరు. ఆయనే ఒకే నోటితో, "బరువు తగ్గాలి" అనీ అన్నాడు, "రెండు పూటలా బాగా తినాలి" అనీ అన్నాడు. నాగభూషణానికి మొదటి మాటే వినబడింది. మాఘం వస్తే అతనికి యాభై ఒకటి నిండుతుంది.

శ్రావణ పౌర్ణమినాడు పేటలో అందరూ కొత్త జందేలు వేసుకున్నారు. ఆనాడు మగ్గాలకు సెలవు. ఆ సాయంత్రమే నాగభూషణం చేతికర్ర ఊనుకుంటూ గురువుగారి అరుగు ఎక్కాడు. ఎక్కగానే ఆయాసం వచ్చింది. అది తగ్గేదాకా కూడా ఆగలేకపోయాడు.

"అయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. ఎక్కణ్ణించి మొదలుపెట్టను? ఆపిన చోటినుంచా, మొట్టమొదటినుంచా?"

పక్కనే ఉన్న పానకాలు ఊరుకోలేదు. "ముందు ఆ కూర్చున్న చోటినుంచి లేవడం మొదలుపెట్టు బావా. అరుగు కుంగుతోంది."

అందరూ నవ్వారు. నాగభూషణం నవ్వలేదు. కోటిలింగం గారు అతని ముఖం చూడలేదు, చేతులు చూశారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"నీ మగ్గం మీద పడుగు అయిపోయి ఎన్నాళ్లయిందయ్యా?"

"ఫాల్గుణంలోనేనండీ. కిందపడిన రోజే ఆఖరి చీర కోశాను."

"కొసలుంచావా?"

"ఉంచానండీ, జానెడు."

"అయితే రేపు కొత్త పడుగు తెచ్చి అచ్చు అతుకు. నేనొచ్చి కూర్చుంటాను."

మగ్గం ఎరగనివారికోసం ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మగ్గానికి నిలువునా సాగే దారాల వరస పడుగు. దువ్వెన పళ్లవంటి సన్నని పుల్లల నడుమ ఆ దారాలన్నీ దూరి వచ్చే చట్రం అచ్చు. నేసేవాడు దాన్ని తనవైపు లాగి కొట్టి నేతను బిగిస్తాడు. ఒక పడుగు అయిపోయినప్పుడు బట్టను మొదలంటా కోసెయ్యరు. అచ్చులో దూరి ఉన్న పాత దారాల కొసలు జానెడు వదిలిపెడతారు. కొత్త పడుగు తెచ్చి, అందులోని ఒక్కొక్క పోగునూ ఒక్కొక్క పాత కొసకు, వేలికి బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతుకుతారు. దీన్నే అచ్చు అతకడం అంటారు. చీరకు మూడువేల పైచిలుకు పోగులు. కొసలు లేకపోతే అన్నిటినీ మళ్లీ మొదటినుంచి ఒక్కొక్క సందులో దూర్చుకోవాలి. కాబట్టి మగ్గం మీద ఆపిన చోటినుంచి మొదలుపెట్టడమూ లేదు, మొట్టమొదటినుంచి మొదలుపెట్టడమూ లేదు. నాగభూషణం ముప్ఫై ఐదేళ్లుగా చేస్తున్న పని ఇది. అయినా ఆ సాయంత్రం అది అతనికి తట్టలేదు.

అతకడం రెండు రోజులు పట్టింది. కాలు చాపుకుని మగ్గం పక్కన పీట మీద కూర్చుని అతను అతుకుతున్నాడు. గోడవార కోటిలింగం గారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం సామ్రాజ్యమ్మ పెరుగన్నం తెచ్చిపెడితే, "చేతులకు బూడిదుంది, తరవాత తింటాను" అన్నాడు. రెండో రోజూ అదే మాట. రెండో రోజు సాయంత్రం ఆమె ఖాళీ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లింది. కుడితి తొట్టిలో అన్నం మెతుకులు తేలుతున్నాయి. వారం రోజుల బట్టీ బర్రె ఎందుకు అంత నిగనిగలాడుతోందో అప్పుడు ఆమెకు అర్థమైంది.

ఆమె లోపలికి వచ్చి గొంతెత్తబోయేలోపలే ఆ చప్పుడు వినబడింది.

ఆఖరి పోగు అతకడం అయిపోయింది. అయ్యాక చెయ్యవలసిన పని ఒకటే: అతుకులన్నీ అచ్చు దాటి ఇవతలికి వచ్చేదాకా పడుగును చేత్తో, వేలెడు వేలెడు చొప్పున, మెల్లగా జరుపుకోవాలి. అతుకు సందులో ఉండగా తొక్కకూడదు, బాదకూడదు. నేత నేర్చుకునేవాడికి మొదటి నెలలో చెప్పే మాట ఇది. కాని ఆరు నెలలుగా నాగభూషణం బట్ట చూడలేదు. గుంటలోకి దిగాడు. ఆ గుంటలో కూర్చోవాలంటేనే అతనికి భయం. ఆ భయాన్ని చప్పుడుతో అణచివెయ్యాలనుకున్నాడో ఏమో, తొక్కుడు చెక్క మీద కాలు వేశాడు. బిగుసుకుపోయిన చీలమండకు తన బలమెంతో తెలియలేదు. పాదం రాయిలా పడింది. అదే ఊపున అచ్చును లాగి కొట్టాడు.

దారాలు తెగే చప్పుడు పెద్దది కాదు. ఎండుటాకుల మీద అడుగు వేసినట్టుంటుంది. రెండువందలు తెగాయన్నాడు పానకాలు. నూట పదిహేడు అంది సామ్రాజ్యమ్మ. మళ్లీ అతికింది ఆమె కాబట్టి ఆమె అంకెనే తీసుకున్నాను.

కోటిలింగం గారు కళ్లు తెరిచారు. లేచి వచ్చి, తెగిన దారాలను అరచేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి అతనికి చూపించారు.

"తెగింది పాత దారమా, కొత్త దారమా?"

నాగభూషణం చాలాసేపు చూశాడు. "రెండూ కాదండీ. అతుకు."

"ఊఁ."

అంతే. ఆయన వెళ్లి మళ్లీ గోడవార కూర్చున్నారు. సామ్రాజ్యమ్మ మాత్రం ఊరుకోలేదు. "అతుకుల సంగతి తరవాత, ముందు ఆ గుంటలోంచి లేవండి! మీ పెరుగన్నం తిని బర్రె బలిసింది, మీరేమో గడ్డిపోచలా వణుకుతున్నారు. మీ నాన్న తిని పోయాడు, మీరు తినక పోతారా? అయ్యగారూ, మీ శిష్యుడు వారంబట్టీ లంఖణాలు చేస్తున్నాడు. నాతో తిన్నానని అబద్ధం, మీతో తిన్నానని అబద్ధం."

నాగభూషణం గుంటలోనే తలవంచుకుని కూర్చున్నాడు. కళ్ల నీళ్లు పెట్టుకున్నాడని పానకాలు అన్నాడు. లేదని సామ్రాజ్యమ్మ అంది. ఆ తరువాత అతనే గురువుగారిని అడిగాడు. "దారానికైతే అతుకు కనబడుతుందండీ. అచ్చు దాటిందో లేదో చూసి చెప్పొచ్చు. నా అతుకు దాటిందని నాకెలా తెలుస్తుంది?"

"దాటేటప్పుడు తెలియదు" అన్నారు కోటిలింగం గారు. "ఆనక వెనక్కి తిరిగి చూసుకుంటావు. జరుపు నాయనా."

తరువాతి మూడు నెలలకు సంబంధించి, పేరుపడ్డ కథలో ఉపవాసాలున్నాయి. సామ్రాజ్యమ్మ జ్ఞాపకంలో గంజి, పెసరకట్టు, రెండు పూటలా అన్నం, పెరుగు ఉన్నాయి. "నేను ఎదురుగా కూర్చుని తినిపించానయ్యా. మెతుకు మిగిలితే లేవనివ్వలేదు" అంది. నడక సంగతీ అంతే. నాలుగు మైళ్ల మాట ఎత్తలేదు. మొదటి వారం గడపనుంచి నూతిదాకా కర్రతో పదిహేను అడుగులు. రెండో వారం వీధి మలుపుదాకా. ఆశ్వయుజంలో గురువుగారి అరుగుదాకా వెళ్లి, అక్కడ కూర్చుని అలుపు తీర్చుకుని తిరిగొచ్చేవాడు. ఒక్క అలవాటు మాత్రం ఎవరు చెప్పినా మానలేదు. ప్రతి ఆదివారం పానకాలు సైకిలు వెనుక కూర్చుని మైలున్నర దూరంలోని స్టేషనుకు వెళ్లి మిషను ఎక్కేవాడు. తొంభై నాలుగు. తొంభై నాలుగు. తొంభై మూడున్నర, ఆ రోజు ఇంటిల్లిపాదికీ పండగ. మళ్లీ తొంభై నాలుగు. కార్డు వెనుక ఇంగ్లీషులో జాతకం అచ్చువేసి ఉండేది. దాన్ని పోస్టుమాస్టరు గారితో చదివించుకునేవాడు. "మీకు దూరప్రయాణం ఉంది" అని వచ్చిన ఆదివారం రాత్రి అన్నం సహించలేదు.

దీపావళి వెళ్లింది. కార్తీకం వచ్చింది. అతను వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టుకోవడం సామ్రాజ్యమ్మ చూసేది. కార్తీకం, మార్గశిరం, పుష్యం. నాలుగో కణుపు మీదికి బొటనవేలు వెళ్లేది కాదు, అక్కడే ఆగిపోయేది. పగలు మగ్గం దగ్గర కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి ఎడమ రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని వినేవాడు. "ఏమైంది?" అంటే, "ఏం లేదు, ఉందో లేదో చూసుకుంటున్నా" అనేవాడు. నవ్వులాటకు అన్న మాట కాదది.

కార్తీక పౌర్ణమి ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే పానకాలు అతన్ని స్టేషను దగ్గర దింపి, టీ తాగి వస్తానని వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి బావ లేడు. గేటు దగ్గర లేడు, బెంచీ మీద లేడు. పట్టాల వైపు చూడడానికి ఒక్క క్షణం తన కళ్లు ఒప్పుకోలేదని పానకాలు చెప్పాడు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు అతను నవ్వలేదు.

పానకాలు స్టేషనంతా, పట్టాల వెంటా వెతుకుతుండగా నాగభూషణం వెళ్లి కోటిలింగం గారి అరుగు మీద, ఆయన ముందు నిలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. అట్టముక్కను ఆయన ముందుకు చాపాడు.

"చూడండి అయ్యగారూ. మూడు నెలలు. మీరు జరపమన్నారు, జరిపాను. ఈవిడ తినమంది, తిన్నాను. కిలో పెరిగాను. పెరిగాను! మాఘానికి రెండు నెలలే ఉన్నాయి. మా నాన్న కూర్చున్న గుంటలోనే నేనూ…"

సామ్రాజ్యమ్మ ఏదో పని మీద అక్కడికి వచ్చి ఉంది. ఈసారి తిట్టడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు. తినిపించింది తనే కదా. కోటిలింగం గారు కార్డు అందుకున్నారు కాని చూడలేదు. ఆయన చూపు అతని పాదాల మీద ఉంది. మోకాళ్లదాకా ఎర్రటి దుమ్ము.

అంతలో వీధిలో సైకిలు గంట ఆపకుండా మోగింది. పానకాలు దిగీ దిగకముందే సైకిలు గోడకు పడేసి, ఒక చేత్తో కర్ర ఎత్తిపట్టుకుని అరుగు ఎక్కాడు.

"నీకేమన్నా బుద్ధుందా బావా! నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇదిగో, నీ మూడోకాలు. మిషను పక్కన ఒక్కతే నిలబడి ఉంది. రైలెక్కి పోతుందేమోనని పట్టుకొచ్చాను."

నాగభూషణం కర్రవైపు చూశాడు. తన చేతులవైపు చూశాడు. ఆ తరువాత, చాలా నెమ్మదిగా, తను వచ్చిన దారివైపు తిరిగి చూశాడు.

కోటిలింగం గారు కార్డును అతని జేబులో పెట్టారు.

"ఇక అచ్చు బాదుకోవయ్యా. మెల్లగా."

సామ్రాజ్యమ్మ దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో భర్త తూకపు కార్డులన్నీ దాచింది. ఆఖరిది 1983 నాటిది. దాని మీది అంకె డెబ్బై తొమ్మిది. కార్డుల మీది తేదీలు నాగభూషణం పెన్సిలుతో రాసుకున్నవి. చేతిరాత తేదీలను నేను సాధారణంగా నమ్మను. కాని వాటిలో ఒక్క కార్డుకు మాత్రం ఆనాటి ప్లాట్‌ఫారం టికెట్టు గుండుసూదితో గుచ్చి ఉంది. టికెట్టు మీద స్టేషనులో వేసిన తేదీ ముద్ర 1969 నవంబరు 23, కార్తీక పౌర్ణమి. కార్డు మీది బరువు తొంభై అయిదు కిలోలు.